కొలుపు చందా ఇవ్వనన్నందుకు ఊరు ఊరంతా ఒకటైంది, సాక్ష్యం నిలబెట్టుకోవడం ఎట్టా?

పొగాకు_రైతుబిడ్డ:

అందరికీ వందనాలు. మాది టంగుటూరు సైడు ఒక పల్లెటూరు, ఊరి పేరు వద్దులెండి. రైతు కుటుంబం, పొగాకు వేస్తాం, బ్యారన్ (పొగాకు కాల్చే కొట్టం) లైసెన్సు నాన్న పేరు మీద ఉంది. నేను ఒంగోల్లో డిగ్రీ చదివేటప్పుడు ఫ్రెండుతో కలిసి ప్రార్థనకి పోవడం అలవాటై ఆ తర్వాత బాప్తిస్మం తీసుకున్నా, మా వీధిలో, మా కులంలో నేనే మొదటోణ్ణి. నాన్న చాన్నాళ్ళు మాట్లాడలేదు, ఇప్పుడిప్పుడే పొలం సంగతుల వరకు మాట్లాడతన్నాడు.

ఇప్పుడొచ్చిన చిక్కు ఏందంటే ఈ యేడు మా ఊళ్ళో అంకమ్మ కొలుపు, అంటే అమ్మవారి జాతర, చేస్తన్నారు, చాలా ఏళ్ళకి వచ్చింది కాబట్టి గట్టిగా చేయాలని ఇంటికి మూడు వేలు, పొలం ఉన్నోళ్ళకి ఎకరాల లెక్కన ఇంకా పైన రాశారు. మాది ఒకటే రేషన్ కార్డయినా నాకు పెళ్ళయింది కాబట్టి నాన్నది వేరు నాది వేరు అని నా పేరు విడిగా రాశారు. రామాలయం కాడ మీటింగులో పేరు చదివితే నేను లేచి, నాన్న ఇచ్చేది నాన్న ఇష్టం, నేను మాత్రం ఇవ్వను, నేను నమ్మిన దేవుడు వేరు అని చెప్పా. అరవలా, ఎవర్నీ ఏం అనలా. అయినా అంతే, ఒకాయన కండువా దులిపి లేచి ఊరు వద్దనుకున్నోడికి ఊరితో పనేంది అన్నాడు. మర్నాడు పొద్దున్నే ముఠా మేస్త్రి ఫోన్ చేసి మీ చేలో ఆకు కొట్టడానికి రాలేం అబ్బయ్యా, మమ్మల్ని ఇబ్బంది పెట్టొద్దు అన్నాడు. సాయంత్రం పాలకేంద్రంలో మా క్యాను పక్కకి పెట్టేశారు. చేలో ఆకు పండిపోతా ఉంది, పొగాకు సంగతి తెలిసినోళ్ళకి తెలుసు, అది నా సాక్ష్యం అయిందాకా ఆగదు కదా.

అడిగేది ఏందంటే, ధైర్యంగా నిలబడటం అంటే ఇక్కడ ఏంది? మూడు వేలు ఇచ్చేస్తే ప్రభువుని ఎరగనన్నట్టేనా? పోలీసు స్టేషనుకి పోతే అది అవిశ్వాసమా? మా పాస్టరుగారు ఉపవాస ప్రార్థన పెట్టారు, ఉంటన్నా. ఇట్టాంటిది దాటొచ్చినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి, పెద్ద పెద్ద వాక్యాలు ఒక్కటే కాకుండా.

విజయుడు_777:

బ్రదర్ ప్రైజ్ ద లార్డ్. ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. దానియేలు సింహాల బోనుకి పోయాడు గానీ కిటికీ మూసుకోలేదు. షద్రకు మేషాకు అబేద్నెగో మా దేవుడు రక్షించకపోయినా సరే మొక్కం అన్నారు. మీరు ఇంకా ఒక అడుగు ముందుకేసి ఇంటి మీద మైకు పెట్టి ఆ కొలుపు రోజుల్లోనే వాక్యం చెప్పించండి, ఎవుడు అడ్డమొస్తాడో చూద్దాం. సిగ్గుపడే సాక్ష్యం సాక్ష్యం కాదు.

పాతపల్లె_కుర్రోడు:

విజయుడు అన్నా నువ్వు ఏ ఊరో చెప్పి మాట్లాడు, ఆ మైకు వైరు పీకేటప్పుడు అక్కడ ఉండేది ఈ అబ్బాయి, నువ్వు కాదు.

రైతన్నా, నాది మద్దిపాడు సైడు, మాదిగపల్లె. మీకు పాలక్యాను పక్కన పెట్టినందుకే ఇంత బాధగా ఉందే, మా ముత్తాతల కాలం నుంచీ మాకు ఇదే కథ. ఎగతాళిగా అనట్లా, మీకు ఇదంతా కొత్త, మాకు పాత అంటన్నా అంతే. ఈ జిల్లాలో సువార్త వచ్చిందే ఈ గొడవతో కలిసి వచ్చింది. 1866లో యెర్రగుంట్ల పేరయ్య అని తాళ్ళకొండపాడు ఆయన, తోళ్ళ వ్యాపారం మీద ఏలూరు వైపు పోయినప్పుడు యేసు గురించి విని వచ్చి, అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు, మాదిగల్లో ఈ ప్రాంతానికి ఆయనే మొదలు. ఆయన ఊరూరా తిరిగి చెప్పాడు. నమ్మినోళ్ళు చేసిన మొదటి పని ఏందో తెలుసా, ఆదివారం పనికి రామన్నారు, చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు, జాతర్లకి తప్పెట కొట్టమన్నారు. చూడటానికి చిన్న పనులే. కానీ తప్పెట లేకుండా జాతర కదలదు గదా, అందుకే ఊరి పెద్దలకి కడుపు మండింది. పనుల్లోకి పిలవలా, బావి కాడికి రానియ్యలా, లేనిపోని కేసులు పెట్టించారు. మా నాయనమ్మ చెప్పేది, వాళ్ళ అత్త కాలంలో నీళ్ళకి చెరువు అవతలకి పోయి చెలమలు తోడుకునేవాళ్ళంట. అయినా ఏ తాతా ఎదురు కర్ర ఎత్తలేదు, అట్టాగని తప్పెటా ఎత్తలేదు.

ఇంకో సంగతి. క్లౌ దొర ఒంగోలు వచ్చిన కొత్తల్లో బ్రాహ్మల పిల్లలకి బడి పెట్టి చదువు చెప్తా ఉంటే, మాదిగలు సంఘంలో చేరతన్నారని పెద్దకులాలోళ్ళు వచ్చి వాళ్ళని చేర్చుకుంటే మేం రాం అన్నారు. పెద్దోళ్ళు వస్తే మిషనుకి పేరు, డబ్బు, పలుకుబడి అన్నీ వస్తాయి. ఆయనా వాళ్ళావిడా ఒకే రోజు వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ ఒకటో అధ్యాయంలో లోకంలో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకున్నాడు అన్న భాగమే తగిలిందని ఆయనే చెప్పుకున్నాడు. బడి పోయినా పర్లేదని మావాళ్ళనే పెట్టుకున్నాడు. అన్నా, మీ కులంలో మీరు మొదటోళ్ళు కావచ్చు, కానీ మీ ఊళ్ళో మా పల్లెలో ఒక సంఘం ఉండే ఉంటది, ఆడికి ఎప్పుడన్నా పోయారా? ముఠా రాకపోతే ఆకు కొట్టడానికి ముందు అడగాల్సింది ఆ పల్లెనే. వాళ్ళూ పెద్దోళ్ళ చేలల్లోనే బతకాలి కాబట్టి భయపడతారు, ఎంతమంది వస్తారో తెలీదు, అయినా అడగండి. మీరు అడగడమే వాళ్ళకి సాక్ష్యం.

ఊరికమిటీ_మనిషి:

నేను విశ్వాసిని కాదు, ఎవరో లింకు పంపితే చదివా. మా ఊళ్ళో కొలుపు కమిటీలో ఉండే మనిషిని, నెల్లూరు జిల్లా, అందుకే అవతలి వైపు చెప్తా, తిట్టుకోకండి.

అబ్బాయ్, మూడు వేలు అనేది డబ్బు లెక్క కాదు. నీ మూడు వేలు లేకపోతే కొలుపు ఆగదు. మా కమిటీ పుస్తకంలో ఇచ్చినోడి పేరు కన్నా ఇవ్వనోడి పేరు ఎక్కువసార్లు చదవాల్సి వస్తది, అదీ కష్టం. ఒకరు కాదంటే పక్కింటాయన నాకూ ఈసారి పంట పోయింది అంటాడు, ఆయన వెనక ఇంకొకడు. కమిటీ వాళ్ళకి దేవుడి మీద భక్తి ఎంతో నాకు తెలీదు గానీ పుస్తకం కూలిపోద్దన్న భయం మాత్రం గట్టిది. పైగా నువ్వు మీటింగులో చెప్పావు. అందరి ముందు కాదంటే పెద్దాయనకి తగ్గే దారి ఉండదు. అదే ముందురోజు రాత్రి ఆయన అరుగు మీదికి పోయి, మామయ్యా నేను బాప్తిస్మం తీసుకున్నా, అమ్మవారి పనికి ఇవ్వలేను, నా పేరు చదవద్దు అని చెప్పి ఉంటే, ఆయన ముఖం మాడ్చినా ఆ పేరు ఎగరగొట్టేవాడు. మా ఊళ్ళో అట్టాగే జరుగుద్ది, ఒక ముస్లిం కుటుంబం ఉంది, వాళ్ళ పేరు ఎవరూ చదవరు, వాళ్ళు అన్నదానం రోజు మంచినీళ్ళ ట్యాంకరు తోలతారు, ఎవరూ అడగరు.

ఇంకోటి కూడా ముఖానే చెప్తా. మాకు కోపం తెప్పించేది మీరు చందా ఇవ్వకపోవడం కాదు. మా అమ్మవారిని సాతాను అనడం, పెళ్ళికి వచ్చి అన్నం ముట్టకుండా పోవడం, అర్ధరాత్రి దాకా మైకులో ఏడవడం, ఇవి. పైన ఎవరో ఇంటి మీద మైకు పెట్టమన్నారే, అట్టాంటి మనిషి ఒకడుంటే చాలు మిగతా మంచోళ్ళందరికీ కూడా చెడ్డపేరు. అట్టాగని పాలు పోయించుకోకపోవడం మాత్రం పనికిమాలిన పని, అది ఏ దేవుడూ చెప్పలా.

పొగాకు_రైతుబిడ్డ:

కమిటీ అన్నా, మీరు చెప్పిన దాంట్లో న్యాయం ఉంది. కానీ నాకు ముందురోజు ఆ లిస్టులో నా పేరు ఉందనే తెలీదు, మీటింగులో చదివితేనే తెలిసింది. అందరూ నా వైపు చూస్తంటే ఇంటికొచ్చి చెప్తాలే అంటే భయపడ్డట్టు ఉండేది. పాతపల్లె తమ్ముడూ, మా ఊళ్ళో పల్లెలో బాప్టిస్టు సంఘం ఉంది, నేను ఒంగోలు సంఘానికే పోతా, ఇక్కడికి పోలేదు. ఎందుకు పోలేదో నువ్వే అర్థం చేసుకో, ఇంట్లో ఒక గొడవ చాలనిపించింది.

కోర్టుసెంటర్_టీ:

లాయర్ని, ఒంగోల్లోనే ప్రాక్టీసు. ఫీజు లేదు లెండి.

రాజ్యాంగం 25వ ఆర్టికల్ నీకు నమ్మే హక్కు, ఆచరించే హక్కు, ప్రచారం చేసే హక్కు మూడూ ఇస్తది, శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యానికి లోబడి. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది, నీ మతం గురించి చెప్పుకోవచ్చు గానీ ఇంకొకర్ని మార్చే హక్కు అంటూ వేరే లేదు అని. సాక్ష్యం చెప్పేవాళ్ళు ఆ గీత గుర్తుపెట్టుకుంటే మంచిది. చాలామంది 27వ ఆర్టికల్ చూపించి మతానికి డబ్బు కట్టమని బలవంతం చేయకూడదు అంటారు, అది ప్రభుత్వం వేసే పన్నుల గురించి, ఊరి చందాకి నేరుగా తగలదు. ఊరి చందా అనేది అసలు పన్నే కాదు, ఇష్టమైతే ఇవ్వడం, లేకపోతే లేదు. బెదిరించి వసూలు చేస్తే అది బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 308, బలవంతపు వసూలు. మీ ప్రార్థన జరిగేటప్పుడు కావాలని వచ్చి చెడగొడితే 300. మైకు మాత్రం గుడికైనా చర్చికైనా రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు బంద్, అది అందరికీ ఒకటే. సాంఘిక బహిష్కరణ మీద మహారాష్ట్రలో 2016 నాటి చట్టం ఉంది, మనకి అట్టాంటి ప్రత్యేక చట్టం లేదు.

ఇప్పుడు స్టేషనుకి పోవడం అవిశ్వాసమా అని అడిగావు. మా నాన్న పాస్టరు, నేను చిన్నప్పటి నుంచీ విన్నదే చెప్తా. ఫిలిప్పీలో పౌలుని బెత్తాలతో కొట్టి జైల్లో వేసి పొద్దున గుట్టుగా పంపేద్దామనుకుంటే, రోమీయులమైన మమ్మల్ని విచారణ లేకుండా కొట్టి ఇప్పుడు దొంగతనంగా పంపిస్తారా, వాళ్ళే వచ్చి బయటకి తీసుకుపోవాలి అన్నాడు. యెరూషలేములో కొరడాతో కొట్టబోతుంటే రోమా పౌరుణ్ణి అని చెప్పాడు. చివరికి కైసరుకి అప్పీలు చేసుకున్నాడు. అదే పౌలు దమస్కులో గంపలో కూర్చోని గోడ దిగి పారిపోయాడు కూడా. ఎక్కడ నిలబడాలో ఎక్కడ గంప ఎక్కాలో ఆ మనిషికి తెలుసు. కాబట్టి అర్జీ పెట్టు, కానీ ముందే ఎఫ్ఐఆర్ అని దూకొద్దు. సోమవారం ఒంగోలు కలెక్టరేట్లో పీజీఆర్ఎస్, అంటే జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం, ఉంటది, దాంట్లో పాలు తీసుకోవట్లేదు, కూలీల్ని రానివ్వట్లేదు అని తేదీలతో రాయి. మతం గొడవ అని పెద్ద అక్షరాల్లో రాయొద్దు, జరిగింది జరిగినట్టు రాయి. ఒక కాపీ మీద సంతకం, స్టాంపు వేయించుకో. ఆ కాగితం జేబులో ఉంటే ఊళ్ళో మాట్లాడే తీరే మారుద్ది.

పాతపల్లె_కుర్రోడు:

లాయరు అన్నా మంచిగా చెప్పారు. కానీ చట్టం మాకు ఎట్టా ఉంటదో కూడా చెప్పండి. 1950 ప్రెసిడెన్షియల్ ఆర్డరు ప్రకారం మావాడు క్రైస్తవుడని రాయించుకుంటే ఎస్సీ పోద్ది, మన రాష్ట్రంలో బీసీ-సీ అవుతాడు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఇచ్చారు, మాకు ఇవ్వలా. 2025లో మన హైకోర్టు మతం మారిన పాస్టరుకి ఎస్సీ ఎస్టీ కేసు చెల్లదంది. మా పల్లెలో సగం మంది కాగితం మీద హిందువులు, ఆదివారం సంఘంలో. ఉద్యోగం కావాలంటే ఒక పేరు, దేవుడి దగ్గర ఇంకో పేరు. బహిరంగంగా నిలబడు అని మైకులో చెప్పేవాళ్ళు ఈ కాగితం గురించి ఒక్క ప్రసంగం చేయరు. రైతన్నకి మతం మారినా కులం పోదు, పొలం పోదు. ఇది మాత్రం రాసిపెట్టుకోండి.

విజయుడు_777:

మీరంతా భయపడే మాటలు మాట్లాడతన్నారు. అపొస్తలులు మనుషులకి కాదు దేవునికే లోబడాలి అన్నారు. అర్జీలు అరుగులు అంటే సువార్త ఎప్పుడు పోద్ది?

కావలి_గ్రేసక్క:

తమ్ముడూ విజయుడూ, ఆ మాట పేతురు సభలో పెద్దల ముందు నిలబడి మర్యాదగా చెప్పాడు, వాళ్ళింటి మీద మైకు పెట్టి చెప్పలేదు. అంతకుముందు అధ్యాయంలో బెదిరింపులు విని సంఘం కూడుకుని ఏం అడిగారో చూడు, వాళ్ళని పడగొట్టమనీ అడగలేదు, మమ్మల్ని ఈ ఊరి నుంచి తప్పించమనీ అడగలేదు, ధైర్యంగా వాక్యం చెప్పేట్టు చేయి అని అడిగారు. అంత చిన్న ప్రార్థన. అదే పేతురు రాసిన పత్రికలోనే జవాబు సాత్వికంతో చెప్పమని ఉంది.

నేను కావలిలో నర్సుని, పెళ్ళయి ఒక హిందూ ఇంటికి వచ్చినదాన్ని, ఇప్పటికీ అత్తగారి పక్కనే మంచం. రైతు తమ్ముడూ, ఇంతమంది రాశారు, మీ అమ్మగారి గురించి ఎవరూ అడగలేదు. కొలుపు వస్తే పోతురాజు దగ్గర పొంగలి పెట్టేది ఆడవాళ్ళు, వాకిట్లో నిలబడి పక్కింటావిడతో మాట పడేది ఆమె. నువ్వు మీటింగులో లేచి చెప్పి ఇంట్లోకి వచ్చేశావు, మరి పొద్దున్నే కుళాయి కాడికి బిందె తీసుకుని పోయింది ఎవరు?

పొగాకు_రైతుబిడ్డ:

అక్కా మీరు అడిగాక అమ్మ దగ్గర కూర్చున్నా. ఒక సంగతి ఇక్కడ చెప్పాలో వద్దో తెలీదు, ఊరి పేరు లేదు కాబట్టి చెప్తన్నా. నా బైబిలు ఒకటి పాతది కనపడక చాన్నాళ్ళు వెతికా. అది అమ్మ కందిపప్పు డబ్బాలో ఉంది, పాత చీరముక్కలో చుట్టి. నాన్న పొలం పోయాక తీసి చదువుతుందంట, కీర్తనలు అయ్యాయి, ఇప్పుడు సామెతలు. తులసికోట కాడ దీపమూ పెడుతుంది. నేను ఏం అడగలేదు. కుళాయి కాడ ఏమన్నారమ్మా అంటే ఏమంటారురా, నీ కొడుకు మొండోడు అన్నారు, అవును మా నాన్న పోలిక అన్నా అని నవ్వింది.

కావలి_గ్రేసక్క:

దీపం గురించి ఒక్క మాట కూడా అనొద్దు ఆమెని. నయమాను సంగతి చదువుకో, రెండో రాజులు ఐదు. యజమాని చెయ్యి పట్టుకుని రిమ్మోను గుడిలో వంగాల్సి వస్తే క్షమించమని అడిగితే ఎలీషా సమాధానంగా వెళ్ళు అన్నాడు, ఉపన్యాసం ఇవ్వలేదు. అందరి లెక్కా ఒకటే కాదు, నీది నీది, ఆమెది ఆమెది. ఇంకోటి, కొలుపు అయ్యాక పొట్టేలు మాంసం వాటా మీ ఇంటికి పంపుతారు, దానికి ఇప్పుడే అనుకో. కొరింథీ మొదటి పత్రిక పదిలో ఉంది, ఇది బలి ఇచ్చినది అని చెప్పి పెడితే తినొద్దు అని. తిరిగి పంపేటప్పుడు గిన్నె ఖాళీగా పంపొద్దు, మీ చెట్టు నిమ్మకాయలైనా గేదె పెరుగైనా పెట్టి పంపు. మా అత్తగారి ఊళ్ళో గిన్నె ఖాళీగా పోతే అవమానం.

ఊరికమిటీ_మనిషి:

అక్క చెప్పింది నిజం, గిన్నె సంగతి నూటికి నూరుపాళ్ళు. అబ్బాయ్ ఇప్పుడైనా ఆ కండువా పెద్దాయన దగ్గరికి ఒక్కడివే పో, రాత్రి అన్నాలయ్యాక. అమ్మవారి పనికి ఇవ్వలేనని అదే మాట మళ్ళీ చెప్పు, మాట మార్చొద్దు, మారిస్తే ఇంకా చులకన. కానీ ఊరికి నేను దూరం కాదు అని ఒక పని చూపించు. బడికో, వాటర్ ప్లాంటుకో, వీధిలైటుకో, కొలుపు పుస్తకంలో కాకుండా పంచాయతీ రసీదు మీద.

పాతపల్లె_కుర్రోడు:

దీనికి నేనూ ఒప్పుకుంటా. క్లౌ దొర గురించి ఇంకోటి, 1876 నుంచి 78 దాకా పెద్ద కరువొస్తే బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు ఆయన తీసుకుని జనానికి పని పెట్టాడు. పని చేసేవాళ్ళు బాప్తిస్మం ఇవ్వమని వెంటపడితే పదిహేను నెలలు ఇవ్వలా, కూడు కోసం వచ్చారనే మాట రాకూడదని. కరువు పని ఆగాక 1878 జూలై 3న మా పక్కనే వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు, ఇచ్చింది తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున ఆరుగురు. అందరూ 2,222 చెప్పుకుంటారు, నాకు మాత్రం ఆ పదిహేను నెలలే ఎక్కువ నచ్చుద్ది.

పొగాకు_రైతుబిడ్డ:

అప్‌డేట్. రాత్రి పెద్దాయన దగ్గరికి పోయా, నాన్న నేనూ వస్తా అన్నాడు, నేను అడగలా. పెద్దాయన ముందు తిట్టాడు, నాన్నని కూడా కలిపి. నేను అదే మాట చెప్పా. బడి కాంపౌండు గోడ ఒక పక్క పడిపోయి ఉంది, దానికి ఇటుక తోలిస్తా అన్నా. చూద్దాంలే అన్నాడు, అవునూ అనలా కాదూ అనలా. పాలు మాత్రం ఈ పూట పోయించుకున్నారు. ముఠా ఇంకా రాలా. పొద్దున మా ఊరి పల్లె సంఘం కాపరి దగ్గరికి పోయి అడిగా, ఆయన కుర్చీ తుడిచి వేస్తే నాకు ఏం మాట్లాడాలో తోచలా. ఐదుగురు ఆడవాళ్ళు వస్తామన్నారు, రేపు తెల్లారుజామున నాలుగింటికే, పెద్దోళ్ళు లేవకముందే ఒక బ్యారన్‌కి సరిపడా కొట్టేస్తామని. సోమవారం అర్జీ రాసి పెట్టుకున్నా, లాయరు అన్నా, మిగతా ముఠా రాకపోతే వస్తా, తేదీలు అన్నీ వేశా.

కోర్టుసెంటర్_టీ:

పది గంటలకల్లా రా, లైను పెద్దగా ఉంటది. ఆధార్ జిరాక్స్ రెండు తెచ్చుకో. ఆ ఐదుగురికీ కూలి అదే రోజు చేతిలో పెట్టు, బాకీ పెట్టొద్దు.